ఆ రాత్రి గురించి మా స్టేషన్‌లో ఎవరూ మాట్లాడరు

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి. రాసినతను అక్కడ ఫైర్ సర్వీస్‌లో లీడింగ్ ఫైర్‌మన్. సొంతూరు బాగేపల్లి వైపు, ఇంట్లో తెలుగు, చదువంతా కన్నడలో. పేరూ స్టేషనూ చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. ఉత్తరం చాలా పెద్దది, సంగతి వరకు కుదించి పెడుతున్నాను.

కొన్ని నెలల కిందట అర్ధరాత్రి దాటాక ఒక పరుపుల గోడౌన్ తగలబడుతోందని కాల్ వచ్చింది. అందరికంటే ముందు చేరింది వీళ్ళ బండే. యజమాని ఏడుస్తూ ఇతని చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు, వాచ్‌మన్ లోపలే ఉన్నాడని. సర్వీసుకి కొత్తవాళ్ళైన ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరిదీ కలబురగి వైపు, బీఏ సెట్లు, అంటే వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని ముఖానికి మాస్క్ పెట్టుకునే సెట్లు, వేసుకుని హోస్ పట్టుకుని లోపలికి వెళ్ళారు. ఇతను తలుపు దగ్గర ఉన్నాడు. కాసేపటికి పొగ నల్లగా చిక్కబడి, తలుపు పైభాగంలో లోపలికి పీల్చుకుంటూ మళ్ళీ బయటికి కక్కుతూ కనిపించేసరికి ఇద్దర్నీ వెనక్కి పిలిచేశాడు. వాళ్ళు బయటపడిన కొద్దిసేపటికే లోపలంతా ఒక్కసారిగా అంటుకుని ముందువైపు రేకుల కప్పు కూలింది. తెల్లారాక వాచ్‌మన్ శవం వెనకవైపు షట్టర్ దగ్గర దొరికింది.

బండి నడిపేదీ పంపు చూసేదీ ఒక సీనియర్. ములబాగిలు వైపు తెలుగాయన. ఇతను చేరిన కొత్తలో పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది ఆయనే, చుట్టరికం ఏమీ లేకపోయినా ఇతను ఆయన్ని మామా అనే పిలుస్తాడు. మర్నాడు పొద్దున వంటగదిలో అందరూ ఉండగా ఆయన అన్నమాట: "మా కాలంలో తడిగుడ్డ మూతికి కట్టుకుని దూరేవాళ్ళం, ఇప్పటోళ్ళు మీటరు చూసుకుని ఎనక్కొస్తారు."

అక్కడి నుంచి జట్టు రెండైంది. కలిసి వండుకుని తినేవాళ్ళు, ఇప్పుడు ఎవరి డబ్బా వాళ్ళది. డ్రిల్ రిజిస్టర్‌లో సంతకాల కోసమే జరుగుతోంది. పాము దూరిందని కాల్ వస్తే ఎవరు వెళ్ళాలని వాదన. ఆ రాత్రి లోపలికి వెళ్ళిన ఇద్దరిలో ఒకడు పోలీస్ కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు, ఇంకొకడు ఫోన్‌లోంచి తల ఎత్తడు. ఏప్రిల్‌లో ఫైర్ సర్వీస్ వారోత్సవాలకి స్టేషన్ ఆఫీసర్ త్యాగం గురించి, ధైర్యం గురించి బాగా మాట్లాడాడట, ఎవరి మొహంలోనూ కదలిక లేదట. విచారణ జరిగింది, సిబ్బంది తప్పేమీ లేదని ముగించారు.

అతని ప్రశ్న ఇది: "మామ మీద రాసివ్వాలా, ట్రాన్స్‌ఫర్ అడగాలా, నోరు మూసుకుని నా డ్యూటీ నేను చేసుకోవాలా? వీళ్ళలో మళ్ళీ హుషారు ఎలా తేవాలన్నా?"

ఉత్తరం మధ్యలో రెండు వాక్యాలు అతను పెద్దగా పట్టించుకోకుండా రాసి దాటేశాడు. ఒకటి: "వెనక షట్టర్ సంగతి అప్పుడే చెప్పానని మామ అంటాడు, పంపు హోరులో నాకైతే వినపడలేదు." రెండోది: "నిద్ర సరిగా పట్టడం లేదు, అది వేరే సంగతి."

తమ్ముడూ,

నువ్వు అడిగింది హుషారు గురించి. కానీ ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా అడుగుతున్నది ఇంకోటి, నేను వాళ్ళని వెనక్కి పిలవడం తప్పా అని. ముందు దానికి జవాబు చెప్పుకోకుండా మిగతాది మాట్లాడుకోలేం. నేనూ ఈ ఉద్యోగంలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి ఓదార్పుగా కాదు, పని లెక్కలోనే చెబుతాను.

తలుపు దగ్గర పొగ ఊపిరి తీసినట్టు లోపలికీ బయటికీ ఆడుతోందంటే లోపల వేడి వాయువులు మండటానికి సిద్ధంగా ఉన్నాయి, గాలి ఒక్కటే తక్కువైంది అని అర్థం. ఇది నీకు ట్రైనింగ్‌లో చెప్పిందే. గాలి అందిన క్షణం ఆ గది పేలినట్టు అంటుకుంటుంది, అంటుకుంది కూడా. ఇక మీటరు సంగతి, అంటే సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపేది. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల లెక్కన ముప్పావుగంట వస్తుందని కాగితం మీద ఉంటుంది, కానీ చీకట్లో మోకాళ్ళ మీద పాకుతూ నీళ్ళు నిండిన హోస్‌ని ఈడ్చే మనిషి, పైగా కొత్తవాడు, భయంలో ఉన్నవాడు, దానికి రెట్టింపు పీల్చేస్తాడు. ఒత్తిడి 55 బార్‌కి దిగినప్పుడు సెట్‌లో విజిల్ మోగేది బయల్దేరమని చెప్పడానికి కాదు, అది మోగేసరికి మనిషి బయట ఉండాలి. కాబట్టి మీటరు చూసి వెనక్కి రావడం పిరికితనం కాదు, అదే పని.

1999 డిసెంబర్ 3న అమెరికాలో ఊస్టర్ అనే ఊళ్ళో పాడుబడ్డ కోల్డ్ స్టోరేజీ ఒకటి తగలబడింది. లోపల ఇల్లూ వాకిలీ లేని ఇద్దరు తలదాచుకుంటారని ఎవరో చెప్పారు. వెతకడానికి వెళ్ళిన ఇద్దరు ఫైర్‌మెన్ పొగలో దారి తప్పారు. వాళ్ళని వెతకడానికి వెళ్ళిన మరో నలుగురూ తిరిగి రాలేదు. ఇంకా వెళ్తామని బయట మిగిలినవాళ్ళు తోసుకొస్తుంటే మైక్ మెక్‌నామీ అనే అధికారి తలుపుకి అడ్డం నిలబడి ఇక ఎవరూ వెళ్ళడానికి వీల్లేదన్నాడు. లోపల తన మనుషులే ఉన్నారని తెలిసి అన్నాడు ఆ మాట. ఎవరికోసం అయితే మొదట వెళ్ళారో ఆ ఇద్దరూ అంతకుముందే బయటికి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆయన అడ్డం నిలబడకపోతే ఆరు కాదు, ఇంకా ఎందరో.

మీ గోడౌన్ సంగతి దీనికంటే కష్టం, ఎందుకంటే మీ దగ్గర మనిషి నిజంగానే లోపల ఉన్నాడు. మీరు వెళ్ళేసరికి అతను బతికి ఉన్నాడా, ఇంకాస్త ముందుకెళ్తే అందేవాడా, అది నేను చెప్పలేను, మామ చెప్పలేడు, విచారణ చేసినవాళ్ళూ చెప్పలేరు. పరుపుల ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది, ఆ గాలిలో మాస్క్ లేని మనిషికి మిగిలే సమయం చాలా తక్కువ. అయినా ఇది తెలియని ప్రశ్నగానే మిగిలిపోతుంది, దాన్ని అలాగే ఉంచుకుని బతకాలి. నీకు తెలిసిన విషయాల మీద, నీ కంటి ముందు కనపడిన పొగ మీద, నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనది. ఇద్దరు కుర్రాళ్ళు ఇవాళ అన్నం తింటున్నారు.

కానీ ఇంకో మాట కూడా అనాలి, నొచ్చుకోకు. నీ ఉత్తరంలో ఎక్కడా గోడౌన్ చుట్టూ తిరిగి రమ్మని ఎవర్నైనా పంపినట్టు లేదు. ముందు చేరిన బండి వాళ్ళలో ఒకరు భవనం నాలుగు వైపులా చూసి రావాలి. యజమాని చెయ్యి లాగుతుంటే, మనుషులు తక్కువ ఉంటే, అది జారిపోతుంది, చాలామందికి జారిపోయింది. వెనక్కి పిలవడం సరైనదే, వెనకవైపు చూడకపోవడం లోటే. ఈ రెండూ ఒకేసారి నిజం. నువ్వు మొదటిదాని కోసం కుమిలిపోతున్నావు, మామ నిన్ను మొదటిదాని కోసం ఎత్తిపొడుస్తున్నాడు, మీ ఇద్దర్నీ లోపల తినేస్తున్నది మాత్రం రెండోది అనిపిస్తోంది.

ఇక మామ సంగతి. తడిగుడ్డ మాట చాలా తప్పు మాట, అందులో సందేహం లేదు. తడిగుడ్డ కాస్త మసిని ఆపుతుందేమో గానీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. పైగా ఆయన కాలపు మంట వేరు. అప్పుడు ఇళ్ళల్లో కర్ర, దూది, ఇప్పుడు ఫోమ్, ప్లాస్టిక్. అమెరికాలో యూఎల్ అనే సంస్థ పాతకాలం సామాను పెట్టిన గదినీ ఇప్పటి సామాను పెట్టిన గదినీ అంటించి చూసింది. పాత గది మొత్తం భగ్గుమనడానికి అరగంట దగ్గర పడితే కొత్త గదికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మామ అనుభవం అబద్ధం కాదు, ఆయన ఎదుర్కొన్న మంటలకి అది సరిపోయింది, అంతే. సెట్లు లేని రోజుల్లో గుడ్డ కట్టుకుని దూరి మనుషుల్ని మోసుకొచ్చినవాళ్ళని నేను చూశాను, వాళ్ళలో ఎంతమంది ఊపిరితిత్తులు పాడై రిటైరయ్యారో కూడా చూశాను.

అయితే నువ్వు దాటేసిన ఆ వాక్యం దగ్గరికి మళ్ళీ రా. వెనక షట్టర్ సంగతి అప్పుడే చెప్పానని ఆయన అంటున్నాడు. చెప్పే ఉంటాడు. పంపు దగ్గర నిలబడ్డ మనిషి బండిని వదిలి రాకూడదు, నీళ్ళు ఆగితే లోపలివాళ్ళు పోతారు. అక్కణ్ణుంచి అరిచాడు, నీకు వినపడలేదు. లేదా గట్టిగా అరవలేదు, రెండోసారి చెప్పలేదు, ఇంకొకర్ని నీ దగ్గరికి పంపలేదు, ఇప్పుడది ఆయనకి గుర్తొస్తోంది. తెల్లారాక శవం సరిగ్గా ఆ షట్టర్ దగ్గరే దొరికింది. ఇంత సర్వీసు చేసిన మనిషి దాన్ని మోసుకుని ఇంటికెళ్ళి ఎలా పడుకుంటాడు? నిన్ను పిరికివాడంటే ఆ బరువు కాసేపు నీ మీదికి మారుతుంది. నీ మీద అసూయ అని నువ్వు రాశావు, తన చేతుల్లో పెరిగినవాడు ఇప్పుడు తనకి ఆర్డర్ వేస్తున్నాడన్న బాధ కొంత ఉండే ఉంటుంది, కాదనను. కానీ అది నువ్వు ప్రమోషన్ తీసుకున్న రోజే రావాలి. గోడౌన్ మర్నాడు వచ్చిందంటే దాని వేరు గోడౌన్‌లోనే ఉంది. ఇది నా ఊహే, ఆయన్ని నేను చూడలేదు. కానీ ఫిర్యాదు రాసే ముందు ఈ ఊహ నిజమో కాదో తెలుసుకోవడం అవసరం.

ఆ ఇద్దరు కుర్రాళ్ళు. వీళ్ళ గురించి నువ్వు రాసింది తక్కువ, నాకు ఎక్కువ బెంగ వీళ్ళ మీదే. సర్వీసులో మొదటి పెద్ద కాల్. లోపల చీకట్లో ఒక మనిషి కోసం చేతులు చాపి వెతికారు, దొరకలేదు, వెనక్కి రమ్మంటే వచ్చారు, ఆ మనిషి చనిపోయాడు, మర్నాడు పొద్దున మేం పిరికివాళ్ళం అన్నమాట విన్నారు. నువ్వు దానికి బదులివ్వలేదు, ఇవ్వకపోవడం నీ మర్యాద, మామ మీద గౌరవం. కానీ వాళ్ళకి అది ఒప్పుకోవడంలా వినపడింది. ఆ తర్వాత ఏప్రిల్ 14న వాళ్ళని వరుసలో నిలబెట్టి, 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు 66 మంది ఫైర్ సిబ్బంది ప్రాణాలిచ్చారని చెబితే వాళ్ళేం వింటారు? ఆ 66 మంది పేరు తలుచుకుని మనం తల వంచాల్సిందే. కానీ వెనక్కి వచ్చామన్న సిగ్గుతో నిలబడ్డ కుర్రాడి చెవికి అది తన మీద నేరం మోపినట్టే ఉంటుంది. ఆఫీసర్‌కి ఆ సంగతి తట్టి ఉండదు. మొహాల్లో కదలిక లేకపోవడం బద్ధకం కాదు తమ్ముడూ.

అందుకే హుషారు ఎలా తేవాలి అన్న ప్రశ్నని కాస్త పక్కన పెట్టమంటున్నాను. మీ వాళ్ళకి హుషారు తగ్గలేదు, ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయింది. రేపు లోపలికి వెళ్తే బయట ఉన్నవాడు నన్ను సమయానికి పిలుస్తాడా, పిలిస్తే నేను వస్తే స్టేషన్‌లో నా పరువు ఉంటుందా, నేను అరిచి చెబితే ఎవరైనా వింటారా, ఈ మూడూ తేలకుండా ఎవరు డ్రిల్ మనసు పెట్టి చేస్తారు? 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో మాన్ గల్చ్ అనే లోయలో గడ్డి మంట తరుముకొస్తుంటే అడవి మంటలార్పే జట్టు నాయకుడు డాడ్జ్ తన ముందున్న గడ్డికి తనే నిప్పు పెట్టి, కాలిపోయిన ఆ బూడిదలోకి వచ్చి పడుకోమని తన వాళ్ళని పిలిచాడు. పెద్ద మంట వచ్చేసరికి అక్కడ కాలడానికి ఏమీ మిగలదు కాబట్టి అది బతికే దారి. ఒక్కరూ రాలేదు. ఆయన బతికాడు, పదమూడు మంది చనిపోయారు. ఆ జట్టుతో ఆయన కలిసి పని చేసింది చాలా తక్కువ. ఆర్డర్ సరైనదే అయినా, ఇచ్చిన మనిషి మీద నమ్మకం లేకపోతే కాళ్ళు కదలవు.

ఇప్పుడు నీ ముందున్న దారులు. ఏది పట్టుకోవాలో నువ్వే తేల్చుకోవాలి, ఒక్కోదాని వెనక ఏముందో నేను చెబుతాను.

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. నీకు ఆ హక్కు ఉంది, అందరి ముందు పై ఉద్యోగిని అలా అనడం క్రమశిక్షణ కిందికే వస్తుంది. కానీ కాగితం ఒకసారి పైకి వెళ్తే మళ్ళీ చేతికి రాదు. మామకి ఓ మెమో వస్తుంది, సీనియర్లంతా ఆయన వైపు గట్టిపడతారు, ఆ రాత్రి సంగతి మళ్ళీ ఫైల్‌లో తెరుచుకుంటుంది, షట్టర్ ఎవరు చెప్పారు ఎవరు వినలేదు అన్నది అప్పుడు నేరం అవుతుంది, ఇక ఎవరూ నిజం చెప్పరు. మాట పడినందుకు ఈ దారి పట్టకు అనే అంటాను. ఒక్క సందర్భంలో మాత్రం ఆలోచించకుండా పట్టాలి: కాల్ మీద ఆర్డర్ వినకపోతే, లేదా సెట్ల చెక్ దొంగ సంతకాలతో నడుస్తుంటే. డ్రిల్ సంతకాల కోసమే అని రాశావు, బీఏ సెట్ల చెక్ కూడా అలాగే అయిందా? అది రాయలేదు. అయ్యుంటే ఈ ఉత్తరానికి జవాబు కోసం ఆగకూడదు, రేపు డ్యూటీ ఎక్కగానే ప్రతి సిలిండర్ మీటరూ, ప్రతి మాస్కూ నీ చేత్తో చూడు. ఈ ఒక్కదాంట్లో దారులేమీ లేవు.

ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కొన్ని చోట్ల విరిగింది అతకదు, ఇంట్లో పిల్లల స్కూలు, ఆరోగ్యం లాంటి కారణాలూ ఉంటాయి. కానీ బెంగళూరు ఎంత పెద్దదైనా ఫైర్ స్టేషన్ల మధ్య మాట బండి కంటే ముందు చేరుతుంది. నువ్వు వెళ్ళేసరికి అక్కడ తడిగుడ్డ కథ ఉంటుంది, దాన్ని సరిచేసే మనుషులు ఇక్కడ ఉండిపోతారు. ఆ ఇద్దరు కుర్రాళ్ళకి మాత్రం, మమ్మల్ని వెనక్కి పిలిచినవాడే వెళ్ళిపోయాడు అని మిగులుతుంది. వెళ్ళాలనుకుంటే వెళ్ళు, కనీసం వాళ్ళిద్దరితో మాట్లాడి వెళ్ళు.

నోరు మూసుకుని ఉండొచ్చు. ఇప్పుడు చేస్తున్నది అదే. తర్వాతి పెద్ద కాల్ వరకు ఇది నడుస్తుంది. ఆ కాల్‌లో నువ్వు వెనక్కి రమ్మంటే ఆ కుర్రాడు పరువు కోసం ఇంకాస్త లోపలే ఉండిపోతాడేమో, అదే నా భయం.

మాట్లాడటం ఇంకో దారి. ఇది సులభం కాదు, చెడిపోయే అవకాశం కూడా ఉంది. నేనైతే ఇటే మొగ్గుతాను, కానీ వరుస తప్పితే లాభం కంటే నష్టం ఎక్కువ. ముందు మామతో ఒంటరిగా. స్టేషన్‌లో వద్దు, బయట టీ దగ్గరో ఆయన ఇంట్లోనో. తెలుగులోనే, మీ ఊరి మాటలోనే. తడిగుడ్డ మాట నువ్వు ఎత్తకు. "మామా, ఆ రాత్రి ఎనక షట్టర్ కాడ నువ్వేం చూసినావో నాకు మొదట్నుంచి చెప్పు" అని అడిగి ఊరుకో. ఆయన కోప్పడొచ్చు. ఏమీ లేదు పో అనొచ్చు. ఏడవొచ్చు కూడా, అప్పుడు కంగారుపడకు. ఆయన చెప్పాక నువ్వు చెప్పాల్సింది ఒకటే, వెనక్కి మనిషిని పంపలేకపోయాను మామా, నాకు వినపడలేదు అని. ఇది లొంగిపోవడం కాదు, జరిగింది జరిగినట్టు చెప్పడం. వెనక్కి పిలిచిన దాని మీద మాత్రం తగ్గకు, ఆ పొగ చూస్తే మళ్ళీ పిలుస్తాను అని నెమ్మదిగా అనెయ్. ఆయన ఒప్పుకోకపోయినా పర్వాలేదు, కుర్రాళ్ళ ముందు ఆ మాట మళ్ళీ అనొద్దు అని అడగడానికి అప్పుడు నీకు చోటు దొరుకుతుంది.

ఆ తర్వాత జట్టు మొత్తంతో. స్టేషన్ ఆఫీసర్‌కి ముందే చెప్పు, దాచితే గూడుపుఠాణీలా ఉంటుంది. ఆయన కూర్చుంటే వినడానికే కూర్చోమని అడుగు, విచారణ ముగిసింది కాబట్టి ఏదీ రాసుకోవద్దని కూడా. బండి నిలబెట్టే చోట నేల మీద సుద్దముక్కతో గోడౌన్ గీయండి, తలుపు, షట్టర్, బండి, యజమాని నిలబడ్డ చోటు. ఒక్కొక్కరూ తను ఎక్కడ నిలబడ్డాడో అక్కడ నిలబడి ఏం చూశాడో, ఏం విన్నాడో మాత్రం చెప్పాలి. "నువ్వెందుకు అలా చేశావు" అన్న ప్రశ్న ఎవరు వేసినా ఆపు. మొదట నువ్వే మొదలుపెట్టి షట్టర్ సంగతి చెప్పు, పైవాడు తన లోటు చెబితే కిందివాళ్ళకి నోరు పెగులుతుంది. ఆ ఇద్దరు కుర్రాళ్ళు చెప్పనంటే బలవంతం చెయ్యకు. ఘోరం చూసినవాళ్ళని కూర్చోబెట్టి మనసులోది కక్కమని ఒత్తిడి చెయ్యడం మేలు చెయ్యదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలాంటి ఒక్కసారి కూర్చోబెట్టే పద్ధతిని వద్దంటుంది. ఇక్కడ మనకి కావాల్సింది ఏడుపు కాదు, పని ఎలా నడిచిందో తెలుసుకోవడం. చివర్లో రెండో మూడో నిర్ణయాలు తీసుకోండి. ముందు దిగే ఫలానా మనిషి భవనం చుట్టూ తిరిగి రావాలి. పంపు దగ్గరున్నవాడు చెప్పిన మాట నాయకుడు తిరిగి పలికేదాకా చెప్పినట్టు కాదు, వాకీటాకీ లేకపోతే మనిషిని పంపాలి. వెనక్కి రమ్మన్న పిలుపుకి వచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు. ఈ మొదటి రెండూ మామ చేతే చెప్పించగలిగితే, ఆ రాత్రి వినపడని ఆయన మాట అప్పటికైనా జట్టుకి పనికొస్తుంది.

ఇది కన్నడలో జరగాలి. చిన్న విషయం అనుకోకు. నువ్వూ మామా తెలుగులో గొణుక్కుంటుంటే, తర్వాత తెలుగులో పోట్లాడుకుంటుంటే, కలబురగి కుర్రాళ్ళకి అర్థమైంది సగం, ఊహించుకున్నది సగం. మనవాడు మనవాడు ఒకటి అని మొదట అనుకుని ఉంటారు, ఇప్పుడు వీళ్ళ గొడవలో మేం నలిగాం అనుకుంటూ ఉంటారు. మీ ఇద్దరి మధ్య ఉన్నది తెలుగులో తేల్చుకోండి, జట్టుది జట్టు భాషలో.

మిగతా రోజువారీ సంగతులకి ఎక్కువ చెప్పను. వంట మళ్ళీ కలిసి మొదలుపెట్టండి, వారానికి రెండు పూటలైనా సరే. 2015లో కార్నెల్ యూనివర్సిటీవాళ్ళు అమెరికాలో ఒక పెద్ద నగరపు ఫైర్ స్టేషన్లని చూస్తే, కలిసి తినే జట్లు పనిలోనూ మెరుగ్గా ఉన్నట్టు తేలింది. కలిసి తినడం వల్ల బాగున్నారో, బాగున్నారు కాబట్టి కలిసి తింటున్నారో అది వేరే ప్రశ్న, కానీ వండేటప్పుడు ఉల్లిపాయలు ఎవరు కోస్తారు అన్నదాని మీద అయినా మాట కలుస్తుంది.

పాము కాల్స్, పిల్లి కాల్స్, గాలిపటం దారంలో ఇరుక్కున్న కాకుల కాల్స్, వీటి మీద వాదన ఆపాలంటే వీటిని కొత్తవాళ్ళకి నాయకత్వంగా ఇవ్వు. ల్యాడర్ ఎక్కడ వెయ్యాలి, తాడు ఏ ముడి, జనాన్ని ఎంత దూరం పెట్టాలి, అన్నీ ఆ కుర్రాడే చెప్పాలి, నువ్వు వెనక నిలబడు. ప్రాణాలు పోని చోట ఆర్డర్ వెయ్యడం, ఆర్డర్ వినడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. ఖాళీ మధ్యాహ్నాల్లో వాళ్ళని మీ ఏరియా భవనాలకి పంపు, మెట్లు ఎక్కి చూసి రమ్మను, ఏ గోడౌన్‌కి వెనక దారి ఉంది, ఏ సందులోకి బండి దూరదు, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఒక నోట్‌బుక్‌లో బొమ్మలు గీయమను. 2010 ఫిబ్రవరి 23న మీ బెంగళూరులోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు భవనంలో మంట వచ్చి తొమ్మిది మంది చనిపోయారు. పొగ పైఅంతస్తులని నింపేస్తే దిగే దారి లేక కొందరు కిటికీలు పగలగొట్టి దూకారు. మెట్ల దారి, తలుపు తాళం, ఇవి మంట లేని రోజున చూడాల్సినవి. వాచ్‌మన్‌ని అందుకోలేకపోయిన కుర్రాడికి, ఇంకో గోడౌన్‌లో షట్టర్ ఎక్కడుందో తన చేత్తో గీసిపెట్టడం కంటే ఉపశమనం ఇచ్చే పని నాకైతే తెలీదు. మామని కూడా వాళ్ళతో పంపు, ఆ సందులు ఆయనకి తెలిసినంత నీకూ తెలియవు.

పోలీస్ పరీక్షకి చదివేవాణ్ణి చదవనివ్వు. వెళ్ళిపోతున్నాడని జాలిగానో కోపంగానో చూడకు. ఆ రాత్రి సంగతి తేలాక కూడా వాడికి అటే ఇష్టమైతే మంచి పోలీస్ అవుతాడు. సిగ్గుతో పారిపోతుంటే మాత్రం ఆ సిగ్గు అక్కడికీ వెంట వెళ్తుంది కాబట్టి, నువ్వు వాడితో ఒక్కసారి నేరుగా అనాలి: నేను పిలిచాను, నువ్వు వచ్చావు, సరిగ్గా అదే చెయ్యాలి.

నిద్ర పట్టకపోవడం వేరే సంగతి కాదు, ఇదే సంగతి. నెలల తరబడి నిద్ర చెడితే రేపు తలుపు దగ్గర నిలబడి పొగ చదవాల్సిన నీ కళ్ళే పని చెయ్యవు. 14416కి ఫోన్ చెయ్, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు. కలలో ఆ షట్టర్ కనిపించి లేస్తుంటే, సైరన్ విన్నప్పుడు గుండె దడ ఆగకపోతుంటే, లేదా తాగుడు ఎక్కువవుతుంటే, ఫోన్‌తో ఆగకుండా హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాలకి వెళ్ళు. ఉద్యోగానికి మచ్చ అనే భయంతో వాయిదా వేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు, తొందరగా వెళ్ళినవాళ్ళే తొందరగా బండి ఎక్కారు. మామ కూడా రాత్రిళ్ళు మేలుకుంటున్నాడేమో, మాట కలిశాక అడుగు.

ఇంకొక్కటి, మామతో మాట్లాడే రోజు డ్యూటీ దిగిన రోజు అయ్యేలా చూసుకో, ఎక్కే రోజు వద్దు. మాట మధ్యలో ఉండగా కాల్ వస్తే ఇద్దరూ సగం మాటతో బండి ఎక్కాల్సి వస్తుంది, అది ఇద్దరికీ మంచిది కాదు. ముందు రోజు రాత్రి ఇద్దరూ కాస్త పడుకుని ఉంటే ఇంకా మంచిది.